టిక్కెట్టు లేని పాట

డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కున్నవాళ్లు లోపల కూర్చుని తెరమీద బొమ్మను చూడటమూ, దమ్మిడీ ఖర్చు లేనివాళ్లు వీధిలో నుంచుని అసలు మనిషినే చూడటమూ - ఇట్లాంటి నాటకం ఎక్కడైనా ఉంటుందా అని మీరు అడగవచ్చు. ఉన్నది. లండను నగరంలో, 2025 వేసవిలో, నేను స్వయంగా చూశాను. చూశానని అనటం కూడా పూర్తిగా నిజం కాదు. చూసింది మా అమ్మ. నేను టిక్కెట్టు కొనుక్కున్నాను, అంతే.

మా తమ్ముడు లండనులో ఉద్యోగం చేస్తున్నాడు. మూడేళ్లుగా రమ్మని పోరుతున్నాడు. అమ్మేమో "నా మోకాళ్లు విమానం ఎక్కవురా" అని తప్పించుకుంటూ వచ్చింది. చివరికి జూన్ ఆఖరులో నేను కాలేజీకి సెలవు పెట్టి, అమ్మను వెంటబెట్టుకుని బయలుదేరాను. నేను వచ్చానంటే నాటకం చూపించాలని తమ్ముడికి తెలుసు. ఎమ్మే తెలుగు చదివి, ఇరవై యేళ్లుగా పిల్లలకు నాటకాలు పాఠం చెబుతున్నదాన్ని. చిన్నప్పుడు తెనాలిలో రాత్రంతా పద్యనాటకం చూసి, తెల్లవారి బడిలో నిద్రపోయి దెబ్బలు తిన్నదాన్ని.

"పల్లాడియంలో 'ఎవిటా' ఆడుతున్నారక్కయ్యా. రెండు టిక్కెట్లు దొరికాయి. ధర మాత్రం రూపాయల్లోకి మార్చి చూడబోకు" అన్నాడు.

"రెండేనా? మరి అమ్మ?" అన్నాను.

"నాకెందుకే ఆ ఇంగ్లీషు గోల? మూడు గంటలు కూర్చోలేను. మీరిద్దరూ వెళ్లండి" అన్నది అమ్మ.

అప్పుడు మా మరదలు ఒక ఉపాయం చెప్పింది. "వదినా, ఆ నాటకంలో అసలు పాట ఆ అమ్మాయి బయటికి వచ్చి, వీధివైపు మేడమీద నుంచుని పాడుతుంది. అందరూ పోయి చూస్తున్నారు. ఆ వేళకు అత్తయ్యగారిని నేను తీసుకొస్తాను."

అట్లా మేమిద్దరం లోపలికీ, వాళ్లిద్దరూ వీధిలోకీ అని నిర్ణయమయింది.

ఇంతకీ ఈ ఎవిటా ఎవరో చెప్పాలిగదా. అర్జెంటీనా దేశాధ్యక్షుడు హువాన్ పెరోన్ భార్య ఎవా. జనం ముద్దుగా ఎవిటా అని పిలుచుకున్నారు. 1919లో లోస్ తోల్దోస్ అనే పల్లెలో పుట్టింది. తండ్రికి వేరే ఊళ్లో పెళ్లాడిన భార్యా పిల్లలూ ఉన్నారు. ఈమె తల్లికి ఆ హోదా లేదు. 1926లో ఆ తండ్రి కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఎవాకు ఏడేళ్లు నిండలేదు. ఉన్నదల్లా తండ్రి పేరే, దానికీ లోకం ఒప్పుకోదు. పదిహేనేళ్లకే రాజధాని బ్యూనస్ ఐరిస్ చేరింది. నాటకాల్లో చిన్న వేషాలు వేసింది, తర్వాత రేడియో నాటకాల్లో పేరు తెచ్చుకున్నది.

1944 జనవరిలో శాన్ హువాన్ పట్టణంలో పెద్ద భూకంపం వచ్చింది. వేలమంది చచ్చిపోయారు. బాధితుల కోసం రాజధానిలో జరిగిన సహాయ కార్యక్రమంలో ఆమెకు కర్నల్ పెరోన్ పరిచయమయ్యాడు. మరుసటి యేడు అక్టోబరులో అతన్ని అరెస్టు చేశారు. 17వ తారీఖున కార్మికులు వీధుల్లోకి వెల్లువలా వచ్చి విడిపించుకున్నారు. అదే నెలలో పెళ్లి. 1946లో అతను అధ్యక్షుడయ్యాడు. అప్పటికి ఆమెకు ఇరవై యేడేళ్లు.

తర్వాత ఆరేళ్లే బ్రతికింది. ఆ ఆరేళ్లలో ఎంత చెయ్యాలో అంతా చేసింది. ఎంత చెయ్యకూడదో అంతా కూడా చేసిందని గిట్టనివాళ్లంటారు. 1947లో ఆడవాళ్లకు ఓటుహక్కు శాసనం వచ్చింది. మరుసటి యేడు ఆమె పేరున ధర్మసంస్థ వెలిసింది. ఆసుపత్రులు, పిల్లల వసతిగృహాలు, పేదలకు కుట్టుమిషన్లు, బూట్లు. గంటలకొద్దీ కూర్చుని ఒక్కొక్కరి కష్టమూ తానే వినేదట. ఆ సంస్థ లెక్కలు అడిగేవాడు లేడని, ఇష్టం లేని పత్రికల నోరు నొక్కారని, తాను మాత్రం పారిస్ పట్టుబట్టలు కట్టి పేదలమధ్య తిరిగిందని ఇంకొకవైపు నింద. 1952 జులై 26న కాన్సరుతో పోయింది. అప్పటికి ముప్ఫైమూడేళ్లు. పోయిన తర్వాత కూడా శాంతి లేదు. 1955లో సైన్యం పెరోన్‌ను దించేసి, చెడిపోకుండా భద్రపరచిన ఆమె శవాన్ని మాయం చేసింది. ఇటలీలో మారుపేరుతో పాతిపెట్టారు. 1971లో గాని అది భర్తకు చేరలేదు. 1976 నుంచి బ్యూనస్ ఐరిస్‌లోని రికొలేటా శ్మశానంలో, తన పుట్టింటివారి సమాధిలో ఉన్నది. గమనించారా, పుట్టింటి పేరుతోనే!

ఈ కథను ఇంగ్లీషువాళ్లు సంగీత నాటకంగా చేశారు. 1973లో టిమ్ రైస్ అనే కవి కారులో పోతూ రేడియోలో ఆమె గురించి విన్నాడట. అతను పాటలు రాస్తే, ఆండ్రూ లాయిడ్ వెబర్ బాణీలు కట్టాడు. 1976లో ముందు గ్రామఫోను రికార్డుగా వచ్చి, 1978లో లండనులో రంగస్థలమెక్కింది. అప్పటి ఎవిటా ఎలేన్ పేజ్. 1979లో న్యూయార్కులో పాటీ లుపోన్. 1996లో మడోనాతో సినిమా తీశారు. అర్జెంటీనాలో ఆమెను దేవతగా కొలిచేవాళ్లు అప్పుడు గొడవ చేశారు కూడా. 2006లో లండనులో మళ్లీ ఆడినప్పుడు ఎలేనా రోజర్ అనే అర్జెంటీనా అమ్మాయే ఆ వేషం కట్టింది. నేను చూసింది జేమీ లాయిడ్ దర్శకత్వంలో 2025 వేసవిలో మళ్లీ ఎత్తుకున్నది. వేషం రాచెల్ జెగ్లర్ అనే అమెరికా నటిది.

నాటకం మొదలయింది. అంతఃపురాలూ, పూలతోటల తెరలూ ఏమీ లేవు. రంగస్థలం నిండా మెట్లు. మాటలు దాదాపు లేవు, అంతా పాటే. మన యక్షగానం గుర్తుకు వచ్చింది. ఇందులో 'చే' అనే పాత్ర ఒకటి ఉన్నది. కథలో ఉంటూనే కథ చెబుతాడు, ఎవిటాను అడుగడుగునా నిలదీస్తాడు, వెక్కిరిస్తాడు. కూచిపూడి భామాకలాపంలో మాధవి సత్యభామను ప్రశ్నలతో ఎట్లా ఉడికిస్తుందో, సుమారుగా అట్లాగే. మాధవికి భామమీద ప్రేమ ఉన్నది. ఈ పెద్దమనిషికి లేదు. అంతే తేడా.

రెండవ అంకం మొదట్లో ఆ పాట వచ్చింది. భర్త గెలిచాడు. అధ్యక్షభవనం మేడమీదికి ఆమె వచ్చి, కింద నిలుచున్న జనంతో మాట్లాడాలి. అర్జెంటీనా దేశాన్ని తనకోసం ఏడవవద్దని అడిగే పాట. దానికోసమే సగంమంది వచ్చారు. పద్యనాటకంలో కృష్ణరాయబారం పద్యాలకోసం మనవాళ్లు కాచుకుని కూర్చోరూ, అట్లా. తీరా ఆ సమయానికి రంగస్థలం ఖాళీ! పైన పెద్ద తెర వెలిగింది. తెల్లని గౌను, బంగారు జుట్టు, మెడలో రవ్వలు. ఆమె వీధివైపు వసారాలో నుంచుని పాడుతున్నది. మేము కుర్చీల్లో కూర్చుని సినిమా చూస్తున్నాము.

నా పక్కన ఎవరో గొణిగారు. నాకూ ఉక్రోషం వచ్చిన మాట నిజం. ఇంత డబ్బు పోసి, అసలు పద్యానికి నటి బయటికి పోతే ఎట్లా? కాని కొంచెంసేపటికి దర్శకుడి గడుసుదనం తలకెక్కింది. ఎవిటా పాడవలసింది కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు కాదుగదా! చొక్కాలు లేనివాళ్లని పేరుపడ్డ పేదజనానికి. ఆ జనమే కావాలంటే వీధిలోకి పోవలసిందే. వీధిలో ఉన్నవాళ్లకు తెలియకుండానే దర్శకుడు వాళ్లందరికీ వేషం కట్టించాడు. వేలమంది మీద డబ్బు ఖర్చు పెట్టకుండా వేలమంది నటుల్ని సంపాదించాడు.

అప్పుడు తెరమీద బొమ్మ కిందికి తిరిగి జనాన్ని చూపించింది. తలలు, తలలు, పైకెత్తిన సెల్‌ఫోనులు. తొమ్మిది కావస్తున్నా వెలుగు ఇంకా పోలేదు. ఆ గుంపులో ఒక మూల, ఇనుపకమ్మీని ఆనుకుని, నేతచీర కొంగు భుజంచుట్టూ కప్పుకుని, తల పైకెత్తి నుంచున్న ముసలావిడ ఒక్క క్షణం కనబడింది. "అమ్మరా!" అన్నాను గట్టిగా. ముందువరస ఆవిడ వెనక్కి తిరిగి 'ష్' అన్నది.

అమ్మ చేతిలో సెల్‌ఫోను లేదు. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. దండం కాదు. ఏదో కాయితాన్ని అరచేతుల మధ్య పట్టుకున్నట్టున్నాయి. ఆ భంగిమ నాకు తెలుసు. ముప్ఫై యేళ్ల క్రితం ఒకసారి చూశాను. తర్వాత నాటకమంతా నా కళ్లముందు జరుగుతున్నా నేను చూసింది తక్కువ.

చెప్పకుండా దాటెయ్యవచ్చు. ఇంత చెప్పాక అదీ చెబుతాను.

73వ రాజ్యాంగ సవరణ వచ్చి పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్లకు కేటాయించిన తర్వాత, 1995లో మా ఊరు స్త్రీల స్థానమయింది. నాన్నగారు ఊళ్లో పెద్దమనిషి. ఆయన నిలబడవలసిన చోట అమ్మ నిలబడింది, గెలిచింది. గెలిచింది అమ్మ, దండలు నాన్నగారి మెడలో. పంచాయతీ ఆఫీసులో కుర్చీ నాన్నగారిది, సంతకం అమ్మది. కాయితాలు ఇంటికే వచ్చేవి. అమ్మ పొయ్యిదగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుని, చూపించినచోట పేరు రాసి మళ్లీ పులుసు కలుపుకునేది. ఇది మా ఒక్క ఇంటి ముచ్చటేమీ కాదు. చాలా ఊళ్లల్లో జరిగిందే.

ఆ యేడు ఊళ్లో మంచినీళ్ల టాంకు ప్రారంభోత్సవం పెట్టుకున్నారు. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారు. నాకప్పుడు పదహారేళ్లు. వ్యాసరచన పోటీల్లో బహుమతులు తెచ్చుకుంటున్న గర్వం. ఒక రాత్రి అమ్మ నా దగ్గరకు వచ్చి, "అమ్మడూ, నాలుగు మాటలు రాసిపెట్టవే. సభలో నేనూ చదువుతాను" అన్నది. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. నేను రాశాను. ఏం రాశాను! సంధులు, సమాసాలు, గంగావతరణం, భగీరథ ప్రయత్నం! అమ్మ మూడు రాత్రులు, అందరూ పడుకున్న తర్వాత, వంటింట్లో దీపం పెట్టుకుని కూడబలుక్కుంది. 'భగీరథ' దగ్గర ప్రతిసారీ నాలుక తడబడేది. నేను నవ్వేదాన్ని.

సభనాడు అమ్మ వేదికమీద కూర్చుంది. కొత్త చీర. చేతుల మధ్య ఆ కాయితం. అధ్యక్షులవారు పిలవగానే లేచి నుంచుంది. నాన్నగారు ఏమీ అనలేదు, వద్దనలేదు. అమ్మ ముందువరసలో ఉన్న నావైపు చూసింది. నా పక్కన నా స్నేహితురాళ్లు ఉన్నారు. 'భగీరథ' దగ్గర అమ్మ ఆగిపోతే వీళ్లు నవ్వుతారేమో అనిపించింది. నేను తల అడ్డంగా ఊపాను. చిన్నగా. మూడోవాడికి తెలియకుండా.

అమ్మ కాయితం నాన్నగారి చేతికిచ్చి కూర్చుంది. ఆయన గొంతు కంచుగొంతు. చక్కగా చదివారు. చప్పట్లు మారుమోగినాయి. నాకు ఆ క్షణాన బాధ కలగలేదని కూడా చెప్పాలి. అమ్మయ్య, గండం గడిచిందని సంతోషమే కలిగింది. నేను రాసిన సమాసాలకు చప్పట్లు కొట్టారని గర్వం కూడా కలిగింది.

మళ్లీ నాటకంలోకి వస్తాను. చివరి భాగంలో ఎవిటాను ఉపాధ్యక్షపదవికి నిలబడమని అడిగే ఘట్టం ఉన్నది. అది చరిత్రే. 1951 ఆగస్టు 22న రాజధానిలో లక్షలాది జనం చేరి, ఒప్పుకుంటే గాని కదలమన్నారు. ఆమె గడువు అడిగింది, జనం ఒప్పుకోలేదు. చివరికి ఆగస్టు 31న రేడియోలో, ఆ పదవి తనకు వద్దని చెప్పేసింది. సైన్యాధికారులకు ఆమె గిట్టదు. లోపల జబ్బు ముదురుతున్నది. నవంబరులో ఆ దేశపు స్త్రీలు మొట్టమొదటిసారి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేశారు. ఆమె ఆసుపత్రి మంచంమీదనుంచే వేసింది. మన దేశపు మొదటి సాధారణ ఎన్నికలు జరిగినదీ ఆ నెలల్లోనే. మన అమ్మమ్మలూ, నాయనమ్మలూ వరసల్లో నుంచున్న రోజులు.

ఎవిటా మంచిదా చెడ్డదా అని 'చే' నాటకమంతా అడుగుతూనే ఉంటాడు. లోపలికి పోయేముందు నేనూ ఆ ప్రశ్నతోనే కూర్చున్నాను. బయటికి వచ్చేటప్పటికి ఆ ప్రశ్న పోయి ఇంకొకటి మిగిలింది. మాట్లాడగలిగిన ఆడదానికి ఆ మేడ ఎవరిచ్చారు, ఎవరు దించారు అని. ఆమెను దించినవాళ్లు సైన్యాధికారులు. మా అమ్మను దించినదాన్ని నేనే.

బయట అమ్మా, మరదలూ కాఫీ కొట్లో కూర్చుని ఉన్నారు. అమ్మ ముఖం వెలిగిపోతున్నది.

"ఎంత బాగా పాడిందే! నా మోకాళ్లు నొప్పెడుతున్నాయని ఒక తెల్లదొరసాని జరిగి, కమ్మీదగ్గర చోటిచ్చింది. అక్కణ్ణుంచి ఇంత దగ్గర" అని చెయ్యి చూపించింది.

"ఏమర్థమయింది అత్తయ్యా?" అని మరదలు నవ్వింది.

"అర్థమవకేం? తనమీద కోపం పెట్టుకోవద్దంటున్నది. తానూ మీలోదాన్నేనంటున్నది. మేడ ఎక్కినవాళ్లు ఇంకేమంటారు?"

తమ్ముడూ, మరదలూ ముందు నడుస్తున్నారు. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషను మెట్లదగ్గర అమ్మ ఆయాసపడి ఆగింది. నేనూ ఆగాను. ముప్ఫై యేళ్లుగా అడగనిది అప్పుడడిగాను.

"అమ్మా, టాంకు ప్రారంభోత్సవంనాడు నేను తల ఊపకపోతే చదివేదానివా?"

అమ్మ ఆశ్చర్యపోలేదు. నిన్న జరిగిన సంగతి మాట్లాడినట్టే మాట్లాడింది. "చదివేదాన్నేమో. ఆ కాయితం సరిగా వచ్చేది కాదులే. అది చదివేసి, చివర నా సొంతంగా ఒక్కమాట చెబుదామనుకున్నా."

"ఏమని?"

"చివరి వీధికి గొట్టం వెయ్యలేదుగదా. టాంకు కట్టారు, నీళ్లు మన వీధిదాకా వచ్చి ఆగినాయి. వాళ్లకు కూడా కుళాయి వెయ్యమని, ఆఫీసర్లున్నప్పుడే అడుగుదామని. నీకు రాయమని చెప్పానే. 'సభలో కుళాయి గొట్టాల మాటేమిటమ్మా, బాగుండదు' అన్నావు."

నాకు జ్ఞాపకం లేదు. నిజంగా లేదు. భగీరథుడు జ్ఞాపకమున్నాడు, కుళాయి లేదు.

"మరి నాన్నగారితోనైనా చెప్పలేదా?"

"చెప్పాను. చూద్దామన్నారు. చూశారు కూడాలే, నాలుగేళ్లకు" అని అమ్మ కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగసాగింది.

నాలుగేళ్లు. ఆ వీధి ఆడవాళ్లు బిందెలు చంకనబెట్టుకుని మా ఇంటిముందునుంచి చెరువుకు పోవటం నేను రోజూ చూసినదాన్నే. వాళ్లమీద కాలేజీ పత్రికలో ఒక గేయం కూడా రాశాను. దానికీ బహుమతి వచ్చింది.

ఊరికి తిరిగివచ్చాక, ఆగస్టులో మా కాలేజీలో సభ పెట్టారు. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె వచ్చి, "మేడం, స్వాతంత్ర్యదినానికి ఉపన్యాసం రాసిపెట్టండి" అన్నది. కలం తీశాను. అలవాటు చొప్పున మొదటి సమాసం తలలోకి వచ్చింది కూడా. కలం కిందపెట్టి, "నువ్వేం చెప్పాలనుకుంటున్నావో ముందు నాతో చెప్పు" అన్నాను. ఆ పిల్ల బెదిరింది. తర్వాత, తమ ఊరినుంచి సాయంత్రం పూట బస్సు లేదనీ, అందుకే తన స్నేహితురాలు చదువు మానేసిందనీ చెప్పింది. "అదే చెప్పు. ఇప్పుడు చెప్పినట్టే చెప్పు" అన్నాను. సభలో రెండుచోట్ల తడబడింది. ముందువరసలో నేనే కూర్చున్నాను. తల నిలువుగా ఊపుతూనే ఉన్నాను, మెడ నొప్పి పుట్టేదాకా.

అమ్మ మాత్రం లండను కబుర్లు చెప్పమని వచ్చిన ఇరుగుపొరుగు అమ్మలక్కలకు ఇదే చెబుతున్నది: "నేను వీధిలో నుంచుని దొరసానిని ఎదురుగా చూశానమ్మా. మా అమ్మాయి చదువుకున్నదిగదా, అంత డబ్బూ పోసి లోపల కూర్చుని సినిమా చూసి వచ్చింది!"